బర్మా విడిపోయిన నాడు మనవారి సంగతి

మన వైపు పెద్దవాళ్ళు రంగూన్ పట్టణాన్ని రంగం అనేవారు. "ఫలానా వాడు రంగం వెళ్ళాడు" అంటే సముద్రం దాటి కూలికి పోయాడని అర్థం. వాడు డబ్బు పంపితే ఊళ్ళో పెంకుటిల్లు లేచేది. పంపకపోతే తల్లి ప్రతి ఓడకీ మనిషిని వాకబు చేయించేది. చోడవరం, మాడుగుల, అనకాపల్లి, అటు భీమిలి, శ్రీకాకుళం దాకా ఈ మాట తెలియని పల్లె ఉండేది కాదు. ఇప్పటి పిల్లలకు మాత్రం రంగం అంటే నాటక రంగమో, రాజకీయ రంగమో తప్ప ఇంకొకటి తోచదు. అందుచేత ఈ సంచికలో ఆ రంగం చరిత్రలో ఒక ఘట్టాన్ని సభ్యుల ముందు ఉంచదలిచాము. ఓడల సంగతులు, కూలీల కష్టాలు కొందరు విన్నవే. కానీ బర్మా దేశం ఇండియాలో ఉండాలా, విడిపోవాలా అని పదేళ్ళపాటు జరిగిన పెద్ద వాదం, దానితో పాటే పైనుంచి వచ్చిన కూలీలను రానివ్వాలా వద్దా అన్న తగాదా, ఈ రెండూ మనవారి బ్రతుకులను ఎట్లా మార్చినవో చెప్పిన వారు తక్కువ.

మనవారు అంటే ఇక్కడ ముస్లిములు మాత్రమే కాదు. రంగం వెళ్ళిన తెలుగువాళ్ళలో అన్ని కులాల వారూ ఉన్నారు, మన వాళ్ళూ ఉన్నారు. ఓడ డెక్కు మీద అందరిదీ ఒకటే చాప.

మొదట ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. బర్మా ఆనాడు పరాయి దేశం కాదు. ఇంగ్లీషువారు 1824లో ఒకసారి, 1852లో ఒకసారి, 1885లో మూడవసారి యుద్ధం చేసి ఆ దేశాన్ని ముక్కలు ముక్కలుగా మింగారు. 1886 జనవరి 1వ తేదీన మిగిలిన ఉత్తర బర్మాను కూడా కలుపుకొని మొత్తాన్ని ఇండియా సామ్రాజ్యంలో ఒక రాష్ట్రం చేశారు. అప్పటికి దాదాపు ముప్ఫై ఏళ్ళ కిందటే ఢిల్లీ పాదుషా బహదూర్ షా జఫర్‌ను రంగూన్‌కు పంపివేయగా ఆయన అక్కడే 1862 నవంబరు 7న కన్నుమూశారు. బర్మా రాజు థీబాను తెచ్చి మన పడమటి తీరాన రత్నగిరిలో కూర్చోబెట్టారు. ఆయన 1916లో అక్కడే పోయారు. ఢిల్లీ ఏలిక అక్కడ, మాండలే ఏలిక ఇక్కడ! రాజులకు పట్టిన గతి ఇట్లా ఉంటే కూలీల మాట చెప్పనక్కరలేదు. కాకపోతే కూలివాడికి ఒక సౌకర్యం ఉండేది. మద్రాసు రాష్ట్రం నుంచి బర్మాకు పోవడమంటే కలకత్తాకు పోయినట్లే. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, టిక్కెట్టు కొంటే చాలు.

మన చోడవరం ఆనాటి విశాఖపట్నం జిల్లాలోది. (2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లా కింద ఉన్నది.) 1893 ప్రాంతంలో తూర్పు తీరం రైలు వచ్చిన తర్వాత ఇక్కడి వాళ్ళు అనకాపల్లిలో బండి ఎక్కి వాల్తేరు చేరేవారు. విశాఖ హార్బరు 1933లో గాని తెరవలేదు. అంతకు ముందు స్టీమరు దూరాన నిలబడేది, నాటు పడవల్లో కెరటాల మీద ఊగుతూ పోయి ఎక్కేవారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, గోపాలపురం, ఇట్లా రేవు రేవునా జనాన్ని ఎక్కించుకొని బి.ఐ. కంపెనీ స్టీమర్లు రంగూన్‌కు పోయేవి. గోదావరి మొగలో ఉన్న పాత కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్ళందరికీ "కోరంగీలు" అని పేరు పడిపోయింది. చోడవరం వాడైనా కోరంగీయే, పలాస వాడైనా కోరంగీయే.

ఎందుకు పోయేవారు? ఇక్కడ జమీందారీ శిస్తులు, వానలు లేని ఏళ్ళు, ఏడాదిలో ఆరు నెలలు పని లేకపోవడం. అక్కడ ఇరావతి నది డెల్టాలో అడవి కొట్టి లక్షల ఎకరాలు వరి వేశారు. ఆ ధాన్యం కోయాలి, మిల్లు ఆడించాలి, బస్తాలు ఓడకెత్తాలి. డిసెంబరు నుంచి మే దాకా రంగూన్‌లో మనిషికి కరువు. అందుచేత చాలామంది ఇక్కడ పంట ఇంటికి చేర్చి అక్కడికి పోయేవారు, ఒకటి రెండు సీజన్లు పనిచేసి వచ్చేసేవారు. రేవులో సరుకు మోత, బియ్యం మిల్లులు, రిక్షాలు, పాకీ పని, ఇవన్నీ ఎక్కువగా తెలుగువాళ్ళ చేతిలోనే ఉండేవి. 1920ల చివర ఇండియా నుంచి బర్మాకు ఏటా మూడు లక్షలకు పైన జనం దిగేవారు. వచ్చినవారిలో ఎక్కువమంది తిరిగి పోయేవారు కూడా. ఈ "తిరిగి పోయేవారు" అన్న మాటను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి.

1931 జనాభా లెక్కల్లో బర్మా మొత్తం జనం సుమారు 1 కోటి 46 లక్షలు. అందులో భారతీయులు 10 లక్షల పైచిలుకు, అంటే నూటికి ఏడుగురు. ఇది పెద్ద సంఖ్య కాదు. కానీ రంగూన్ పట్టణం సంగతి వేరు. 4 లక్షల జనంలో 2 లక్షల 12 వేల మంది భారతీయులే. సొంత దేశపు రాజధానిలో బర్మావాడు మైనారిటీ! తపాలా ఆఫీసులో భారతీయుడు, రైల్లో భారతీయుడు, అప్పు ఇచ్చే చెట్టియారు భారతీయుడు, రేవులో మూట ఎత్తేవాడూ భారతీయుడే. ఆ ఊరి మనిషి మనసులో ఏముంటుందో మనం ఆయన స్థానంలో నిలబడి ఆలోచించాలి.

కూలీని తీసుకుపోయేది మేస్త్రీ. ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చి, టిక్కెట్టు కొని, అక్కడ బారకాసులో పడేసి, కూలి డబ్బులో తన వాటా, అడ్వాన్సు వడ్డీ, భోజనం ఖర్చు పట్టుకొని మిగిలింది చేతిలో పెట్టేవాడు. ఓడ కంపెనీకి కాంట్రాక్టరు, కాంట్రాక్టరుకు పెద్ద మేస్త్రీ, పెద్ద మేస్త్రీకి చిన్న మేస్త్రీ. ఇన్ని మెట్లు దిగి వచ్చేసరికి రూపాయి అణాలయ్యేది. బర్మా కార్మికుడు ఆ కూలికి ఒప్పుకోడు, మనవాడు ఒప్పుకుంటాడు. "కోరంగీలు వచ్చి కూలి రేటు పడగొట్టారు" అని బర్మావారి ఫిర్యాదు. రేటు పడగొట్టినది కోరంగీయా, మేస్త్రీ గొలుసా? ఈ ప్రశ్న ఆనాడు ఎవరూ గట్టిగా అడగలేదు.

1930 మే నెలలో ఆ ఫిర్యాదు రక్తపాతం అయింది. ఆ నెల 5వ తేదీన పెగూ, రంగూన్‌లలో పెద్ద భూకంపం వచ్చి వందల మంది పోయారు. అదే రోజున ఇక్కడ గాంధీగారిని అరెస్టు చేశారు. ఆ వేడిలో రంగూన్ రేవు తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కాంట్రాక్టర్లు బర్మా మనుషులను పిలిపించి పని నడిపించారు. నెలాఖరున సమ్మె పరిష్కారమై తెలుగువాళ్ళు తిరిగి పనికి రాగా, 26వ తేదీ ఉదయం రేవుకు వచ్చిన బర్మావాళ్ళకు ఇక పని లేదు పొమ్మన్నారు. ఒకరికి చెప్పి మరొకరిని పెట్టుకున్నది కాంట్రాక్టరు, కొట్టుకున్నది కూలీలు. కొద్ది రోజుల్లో వంద మందికి పైగా చచ్చిపోయారు, వందల మంది గాయపడ్డారు. చచ్చినవారిలో అత్యధికులు తెలుగువాళ్ళు. ఆబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరిగాయన్న సామెత మనకు ఉండనే ఉన్నది.

అది గోరుచుట్టు అయితే ధాన్యం ధర పడిపోవడం రోకటిపోటు. ప్రపంచమంతా వచ్చిన ఆర్థిక మాంద్యంతో బర్మా వడ్ల ధర సగానికి దిగింది. అప్పు తీర్చలేని రైతుల పొలాలు చెట్టియార్ల పరమయ్యాయి. దక్షిణ బర్మాలోని ముఖ్యమైన 13 వరి జిల్లాల్లో 1930లో చెట్టియార్ల చేతిలో నూటికి 6 ఎకరాలు ఉంటే 1937 నాటికి నూటికి 25 అయ్యాయి. వాళ్ళు కోరి తీసుకున్న భూమి కాదు, బాకీ కింద వచ్చిపడింది. అయినా భూమి పోయిన రైతుకు ఆ తేడా ఎందుకు?

ఇటువంటి సమయంలో విడిపోవడం మాట పైకి వచ్చింది. సైమన్ కమిషన్ 1930లో ఇచ్చిన రిపోర్టులో బర్మాను ఇండియా నుంచి వేరుచేయవలెనని సిఫారసు చేసింది. ఊ బా పే మొదలైన నాయకులు అదే మంచిదన్నారు. మన పన్నుల డబ్బు ఢిల్లీకి పోతున్నది, మన తలుపుకు మనమే గడియ పెట్టుకోలేకపోతున్నాము, ఇండియాలో ఉన్నన్నాళ్ళూ కూలీల రాకను ఆపే అధికారం మనకు రాదు అని వారి వాదన. ఇది తీసిపారేయదగిన వాదన కాదు. ఇక ఎదుటి పక్షం వారిది ఒక విచిత్రమైన వాదన. డాక్టర్ బా మా, ఊ చిట్ హ్లాయింగ్ మొదలైన వారు, బౌద్ధ భిక్షువులలో చాలామంది, విడిపోవడాన్ని గట్టిగా ఎదిరించారు. ఇండియా మీద ప్రేమతో మాత్రం కాదు. ఇండియాకు స్వరాజ్యం దగ్గరపడుతున్నది, ఈలోగా మనల్ని వేరుచేసి ఒంటరిగా తమ గుప్పిట్లో ఉంచుకోవాలని ఇంగ్లీషువాడి ఎత్తు, ముందు ఇండియాతో పాటు హక్కులు తెచ్చుకొని తరువాత మనకు ఇష్టమైనప్పుడు బయటపడదాము అని వారి లెక్క. ఊ ఒట్టమా అనే ప్రసిద్ధ భిక్షువు కూడా ఈ పక్షమే. అక్కడి భారతీయ వర్తకులు సహజంగానే ఈ పక్షాన్ని బలపరిచారు. వారి డబ్బుతోనే ప్రచారం నడిచిందని రెండో పక్షం ఆరోపించింది.

1931 నవంబరు నుంచి 1932 జనవరి దాకా లండనులో బర్మా రౌండ్ టేబుల్ సమావేశం జరిగింది. దాని ముగింపులో ప్రధాని రామ్సే మక్డొనాల్డ్ ఈ విషయం మీద ఎన్నిక పెట్టి ప్రజల అభిప్రాయం తెలుసుకుంటామన్నారు. 1932 నవంబరులో ఎన్నిక జరిగింది. విడిపోకూడదన్నవారికి 42 స్థానాలు, విడిపోదామన్నవారికి 29 వచ్చాయి. లెక్క ప్రకారం బర్మా ఇండియాలోనే ఉండిపోవాలి. కానీ గెలిచినవారు శాసనసభలో కూర్చున్న తరువాత ఏమన్నారంటే, మీరు చెప్పిన షరతుల మీద విడిపోవడం మాకు ఇష్టం లేదు, శాశ్వతంగా ఇండియా సమాఖ్యలో ఉండడమూ ఇష్టం లేదు అన్నారు. ఉంటామని అనలేదు, పోతామని అనలేదు. 1933లో మళ్ళీ ప్రత్యేకంగా సమావేశం పెడితే ఉపన్యాసాలతోనే కాలం గడిచిపోయింది, తీర్మానం తేలలేదు. చివరికి లండనులోని పార్లమెంటు కమిటీయే విడదీయాలని నిర్ణయించింది. 1937 ఏప్రిల్ 1న బర్మా వేరు దేశమైంది. వేరుపడిన బర్మాకు మొదటి ప్రధానమంత్రి ఎవరనుకున్నారు? విడిపోవద్దని ఎన్నిక గెలిచిన డాక్టర్ బా మా గారే!

ఈ గొడవంతటిలో రేవులో మూట మోసే మనవాడిని అడిగినవారెవరు? ఆనాటి ఓటు ఆస్తినీ, పన్నునూ బట్టి వచ్చేది. ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ ఉండేవాడికి అక్కడా లేదు, ఇక్కడా లేదు. 1937 నుంచి బర్మా ప్రతినిధుల సభలోని 132 స్థానాల్లో భారతీయ కార్మికులకని 2 పెట్టారు. అంతే. ఉండాలన్న పక్షంలో వర్తకులు తమ వ్యాపారం కోసం మాట్లాడారు, పోవాలన్న పక్షంలో నాయకులు తమ రైతుల కోసం మాట్లాడారు. ఇద్దరూ మనవాడిని ఒక అంకెగా వాడుకున్నారు. మా అభిప్రాయంలో అసలు దోషం ఇక్కడే ఉన్నది. సీజనుకు వచ్చి పోయేవాడు వేరు, అక్కడే పుట్టి పెరిగి, అక్కడే సమాధి కాబోయేవాడు వేరు. ఇద్దరినీ కలిపి "కలా" అని ఒక్క మాటతో పిలిచారు. అది భారతీయులను, అందులో ముస్లిములను కూడా, బర్మావారు పిలిచే పేరు. ఒక్క పేరు పెట్టాక ఒక్క చట్టమే వస్తుంది.

ముస్లిముల విషయం కొంచెం విడిగా చెప్పాలి. బర్మాలో సూరతు నుంచి వచ్చిన వర్తకులు, తమిళ తీరపు చూలియాలు, నదిలో సంపాను పడవలు నడిపే చిట్టగాంగు వారు, ఇట్లా అనేక రకాల వారు ఉండేవారు. వీరు గాక ముస్లిము తండ్రికి, బర్మా తల్లికి పుట్టిన సంతతి ఒకటి ఉండేది. వారిని జెర్బాదీలు అనేవారు. 1931 నాటికి వారు లక్షకు పైన ఉన్నారు. బర్మా భాష మాట్లాడతారు, బర్మా లుంగీ కడతారు, మసీదుకు పోతారు. వారిని ఎటు లెక్క కట్టాలో ఎవరికీ తెలియలేదు. ఇక్కడ ఒక మాట దాచకుండా ఒప్పుకోవాలి. సొంత ఊళ్ళో భార్యా బిడ్డలు ఉండగా అక్కడ బౌద్ధ స్త్రీతో కాపురం పెట్టి, నిఖా లేదు గనుక హక్కు లేదని ఆమెను, పిల్లలను వదిలేసి ఓడ ఎక్కినవారు అన్ని మతాల వారిలోనూ ఉన్నారు, మనలోనూ ఉన్నారు. బర్మా పత్రికలు ఈ విషయం మీద రాసిన రాతల్లో అతిశయోక్తి ఉన్నది గాని పూర్తిగా అబద్ధం కాదు. 1939లో అక్కడి శాసనసభ బౌద్ధ స్త్రీల వివాహ, వారసత్వ చట్టం చేసి అటువంటి భార్యలకు రిజిస్ట్రీ, ఆస్తి హక్కు కల్పించింది. చట్టం వెనుక ద్వేషం కొంత ఉన్నా, ఆ స్త్రీల కష్టం మాత్రం నిజం.

దానికి ముందు సంవత్సరమే, 1938 జూలై చివర, రంగూన్‌లో మరొకసారి అల్లర్లు చెలరేగాయి. ఒక బర్మా ముస్లిము ఏళ్ళ కిందట రాసిన పుస్తకం మళ్ళీ అచ్చు అయింది, అందులో బుద్ధుణ్ణి కించపరిచారని సభ పెట్టి, సభ ఊరేగింపై, ఊరేగింపు సూరతీ బజారు మీదికి పోయింది. దేశమంతా వ్యాపించి సుమారు రెండువందల మంది చనిపోయారు. మసీదులు తగలబడ్డాయి. విచారణ సంఘం వేసి కారణాలు వెదికితే, పుస్తకం నెపం మాత్రమే, భూమి, అప్పు, కూలి, పెళ్ళిళ్ళు, పత్రికల రాతలు, పార్టీల స్వార్థం అసలు కారణాలని తేలింది. దాడి చేసిన వాళ్ళలో ఆ పుస్తకం చదివినవారు ఎందరు ఉంటారు? బా మా ప్రభుత్వం 1939లో పడిపోయింది.

విడిపోయేటప్పుడు ఒక ఏర్పాటు జరిగింది. కనీసం మూడేళ్ళపాటు ఇండియా నుంచి వచ్చేవారిని ఆపకూడదు, ఆ తరువాత ఆపదలిస్తే ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి అని. ఆ గడువు తీరేలోగా జేమ్స్ బాక్‌స్టర్ అనే ఇంగ్లీషు అధికారిని విచారణకు వేశారు. ఆయన 1940లో రిపోర్టు ఇచ్చాడు. ఆ రిపోర్టును మెచ్చుకోవాలి. భారతీయ కూలీ బర్మా కూలీ పని లాగేసుకోలేదు, అతడు చేయని పనికి తోడుగా వచ్చాడు, పైగా రాక ఏటికేడు తగ్గుతూ ఉన్నది అని ఆయన తేల్చాడు. అక్కడ పుట్టినవారిని, ఏళ్ళ తరబడి ఉన్నవారిని, కొత్తగా వచ్చేవారిని మూడు తరగతులుగా చూడమన్నాడు. రావలసిన మాట అది. పదేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

1941 జూలైలో ఇండియా, బర్మా ప్రభుత్వాల ఒడంబడిక ప్రకటించారు. మన తరఫున సర్ గిరిజాశంకర్ బాజ్‌పాయి, అక్కడ ప్రధాని ఊ సా. నైపుణ్యం లేని కూలీల రాక ఆ నెల 21 నుంచి బంద్. మిగతావారికి ఎ పర్మిట్, బి పర్మిట్ అని రెండు రకాలు. బర్మా స్త్రీని పెళ్ళాడితే పర్మిట్ రద్దు చేయవచ్చునన్న షరతు కూడా పెట్టారు. పాతవారికి హక్కు కావాలంటే 1932 జూలై నుంచి 1941 జూలై దాకా గల తొమ్మిదేళ్ళలో మొత్తం ఏడేళ్ళు బర్మాలో ఉన్నట్లు రుజువు చేయాలి. చదువరులు ఒక్క నిమిషం ఆగి ఊహించండి. వేలిముద్ర వేసే మనిషి, ప్రతి ఏటా పంటకు ఇంటికి వచ్చి పోయే మనిషి, మేస్త్రీ పుస్తకంలో తప్ప ఎక్కడా పేరు లేని మనిషి ఏడేళ్ళు రుజువు చేయడం ఎట్లా? పాస్‌పోర్టు అక్కరలేని కాలంలో ఓడ ఎక్కినవాడిని పాస్‌పోర్టు చూపించమన్నట్లు అయింది. గాంధీగారు ఆగస్టులో దీన్ని తీవ్రంగా ఖండించారు. ఇండియాలో సభలు జరిగాయి, అసెంబ్లీలో కోపపు ప్రసంగాలు నడిచాయి. ఆ ప్రసంగాలు 1932లో నడిచి ఉంటే ఎంత బాగుండేది!

ఒడంబడిక పూర్తిగా అమలు కానేలేదు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు దగ్గర చచ్చినవారిలో కూలీలే ఎక్కువ. మిగిలినవారు ప్రాణాలు అరచేత పెట్టుకొని పారిపోసాగారు. అప్పుడు ప్రభుత్వం ఏం చేసింది? రేవులో సరుకు దింపే మనుషులు కావాలి గనుక మగవాళ్ళకు డెక్కు టిక్కెట్లు ఇవ్వరాదని 1942 జనవరిలో ఆంక్ష పెట్టింది. జూలైలో రావద్దన్నారు, జనవరిలో పోవద్దన్నారు. ఆరు నెలలు తిరగకుండా రెండు ఆజ్ఞలూ ఒకే మనిషి మీద!

డబ్బున్నవారు ఓడల్లోనూ విమానాల్లోనూ వచ్చారు. తక్కినవారు నడిచారు. ప్రోమ్ మీదుగా టాంగుప్ కనుమ దాటి ఆరకాను తీరానికి కొందరు, తమూ మీదుగా మణిపురానికి కొందరు, ఇంకా పైకి హుకాంగ్ లోయ బురదలో కొందరు. నాలుగైదు లక్షల మంది అట్లా కదిలారు. కలరా, మలేరియా, ఆకలి, జలగలు. దారిలో పోయినవారి లెక్క ఎవరూ సరిగా కట్టలేదు, పది వేల పైన ఎన్ని వేలయినా కావచ్చు. ఇల్లు చేరినవారిని ఇక్కడా యుద్ధం వదలలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి.

1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైంది. దానికి ఆరు నెలల ముందు, 1947 జూలై 19న, ఆంగ్ సాన్‌ను మంత్రివర్గ సమావేశంలోనే కాల్చి చంపారు. ఆయనతో పాటు ప్రాణాలర్పించిన మంత్రులలో ఊ రజాక్ ఒకరు. మాండలేలో హెడ్‌మాస్టరు, ముస్లిము, భారతీయ సంతతికి చెందిన తండ్రి, బర్మా తల్లి. ఏ జాతి వాడని లెక్క కట్టలేకపోయిన ఆ తరగతి మనిషే బర్మా స్వాతంత్ర్య వీరులలో ఒకడుగా ఈనాటికీ స్మరణ పొందుతున్నాడు. ఆ హత్య చేయించినందుకు 1948 మేలో ఉరికంబం ఎక్కినవాడు ఊ సా, 1941 ఒడంబడిక నాటి ప్రధాని. మేము ఈ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి ఊరుకుంటున్నాము.

యుద్ధం తరువాత కొందరు తిరిగి వెళ్ళారు. 1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారం పట్టుకున్నాడు. 1964లో దుకాణాలన్నీ జాతీయం చేశారు, ఆ మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. రెండు మూడు తరాలుగా ఉన్నవారు కట్టుబట్టలతో ఓడ ఎక్కారు. ఆ కొద్ది ఏళ్ళలో సుమారు మూడు లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు అట్లా మిగిలింది. వారి పిల్లలు ఇక్కడ బడిలో చేరితే తెలుగు యాసను చూసి "బర్మావాళ్ళు" అన్నారు. అక్కడ కలా, ఇక్కడ బర్మా! 1982లో అక్కడ చేసిన పౌరసత్వ చట్టం ప్రకారం, 1823కు ముందే ఆ గడ్డ మీద ఉన్న జాతులవారు మాత్రమే పూర్తి సొంతవారు. ఆరకాను ముస్లిములకు దానివల్ల వచ్చిన కష్టం లోకమంతా చూసినదే.

ఇదంతా దూరపు కథ అనుకోవద్దు. ఎవరు స్థానికుడు అన్న తగాదా మన గడపలోకీ వచ్చింది. హైదరాబాదు నిజాం 1919లో ఇచ్చిన ఫర్మానాతో ముల్కీ అనిపించుకోవాలంటే 15 ఏళ్ళు నివాసం ఉండాలి. 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ నిబంధనలు చెల్లుతాయనగానే కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. బళ్ళు మూతపడిన ఆ రోజులు మన చోడవరం పెద్దలకు జ్ఞాపకమే. తరువాత వచ్చిన ఏర్పాటులో 15 ఏళ్ళ నివాసం పోయి నాలుగేళ్ళ చదువు వచ్చింది. స్కూలు స్టడీ సర్టిఫికెట్ల కోసం తల్లిదండ్రులు హెడ్‌మాస్టరు గది ముందు నిలబడేది అందుకే. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినప్పుడు కూడా ఉద్యోగస్తుల ఇళ్ళల్లో మొదట వెదికినవి ఆ కాగితాలే. కాకపోతే ఇక్కడ ఓటు అందరికీ ఉన్నది, గొడవ పడడానికి కోర్టు ఉన్నది. రంగం కూలీకి ఆ రెండూ లేవు. అతని దగ్గర ఉన్నది ఒక ఓడ టిక్కెట్టు ముక్క, మేస్త్రీ నోటి మాట.

రంగం వెళ్ళి వచ్చినవారి కుటుంబాలు మన సభ్యులలో ఉంటే ఒక మనవి. పెట్టె అడుగున పాత మనియార్డరు రసీదులు, ఓడ టిక్కెట్లు, 1964 తరువాత ఇచ్చిన కాందిశీకుల సర్టిఫికెట్లు, బర్మాలో దిగిన ఫోటోలు, బర్మా లిపిలో ఉన్న ఉత్తరాలు ఏవైనా సరే, ఇల్లు సర్దేటప్పుడు పారవేయవద్దు. సంఘం ఆఫీసుకు తెస్తే నకలు తీసుకొని అసలు కాగితం అదే రోజు తిరిగి ఇచ్చివేస్తాము. పేరు వేయవద్దంటే వేయము.